నెమలి తోకలో పది నెలలు

పెట్టె అడుగున ఇంకేమీ లేదు. రెండు బిస్కెట్ కవర్లు, సగం చిరిగిన నోట్‌బుక్ అట్ట, నాలుగు బస్సు టికెట్లు. మహిత వాటిని చాప మీద పరిచి చూసింది. వీటితో నెమలి కాదు కదా, పిచ్చుక కూడా రాదు.

ఆదివారం మధ్యాహ్నం. ఎండ గడప దాటి లోపలికి వచ్చింది.

వచ్చే శుక్రవారం బాలల దినోత్సవం. బడిలో కాగితం బొమ్మల పోటీ. ఆరో తరగతి అరుణాదేవి మేడమ్ ఒక్కటే షరతు పెట్టారు. "కొన్న కాగితం పనికిరాదు. ఇంట్లో అక్కర్లేదని పారేసే కాగితంతోనే చేయాలి."

ఆ మాట వినగానే పక్క బెంచీ నిఖిలేష్ నవ్వాడు. రుద్రారం మెయిన్ రోడ్డు మీద ఉన్న కిరాణా దుకాణం వాళ్లదే.

"మా దుకాణంల అట్టపెట్టెలు గుట్టలున్నయి. నేను రైలు చేస్తున్న, ఆరు డబ్బాలది. నువ్వేం చేస్తవ్? పడవనా?"

పడవ రెండో తరగతి పిల్లలు చేసేది. అందుకే మహిత అప్పటికప్పుడు, "నెమలి," అనేసింది. అనేశాక ఇక తప్పదు.

నాన్న నరేష్ అప్పుడే నిద్ర లేచి మంచం మీద కూర్చున్నాడు. మందుల కంపెనీలో పని. నైట్ డ్యూటీ చేసి వచ్చాడు.

"నాన్నా, మీ కంపెనీల రంగు కాగితాలుంటయి కదా, డబ్బాలకు అంటించేటియి?"

"ఉంటయి బిడ్డా. కానీ గేటు కాడ జేబులు దులిపి చూస్తరు. చిత్తు కాగితం గూడ బయటికి రానియ్యరు."

వంటింట్లోంచి అమ్మ తొంగి చూసింది. "ఉప్మారవ్వ కవర్లున్నయి. కావాల్నా?"

"రవ్వ కవర్లతోని నెమలెట్లయితదమ్మా?"

"తెల్ల నెమలి చెయ్యి," అని అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

మహిత గోడకు ఆనుకుని కూర్చుంది. ఎదురుగా మేకుకు క్యాలెండర్ వేలాడుతోంది. అది నిఖిలేష్ వాళ్ల నాన్న వెంకటనారాయణ సేటు ఏటా ఇచ్చేదే. ఫ్యాను గాలికి ఒక కాగితం లేచింది. ముందువైపు తెల్లగా ఉంది, తేదీల గళ్లు ఉన్నాయి. వెనకవైపు మాత్రం నిగనిగలాడే రంగు. నీలమా అంటే నీలం కాదు, ఆకుపచ్చా అంటే ఆకుపచ్చ కాదు.

అచ్చం నెమలి మెడ రంగు.

మహిత లేచింది. పైన నవంబర్ ఉంది. దాని వెనక్కి మడిచిన నెలలు జనవరి నుంచి అక్టోబర్ దాకా, మొత్తం పది. తేదీల గళ్లలో అక్కడక్కడ పెన్సిల్ గీతలున్నాయి. నాయినమ్మ గీతలు. నర్సింహమ్మకు చదువు రాదు. మేకుకు దారంతో ఒక ముక్క పెన్సిల్ కట్టుకుని, ఏవేవో గీస్తూ ఉంటుంది.

'పోయిన నెలలు మళ్లొస్తయా?' అనుకుంది మహిత. 'ఇవి పారేసే కాగితాలే.'

అడుగుదామంటే నాయినమ్మ ఇంట్లో లేదు, గడ్డికి పోయింది. మహిత స్కేలు పెట్టి పది కాగితాలనూ నీటుగా చింపేసింది.

ఒక్కో నెలను నిలువునా నాలుగు ముక్కలు చేసింది. ఒక్కో ముక్కను విసనకర్రలా మడిచింది. రంగు పైకి, తేదీలు లోపలికి. మైదా ఉడికించి అంటించింది. నలభై ఈకలు. నోట్‌బుక్ అట్టతో ఒళ్లు, బిస్కెట్ కవరు మెరుపుతో కిరీటం.

సోమవారం దాన్ని బడికి తీసుకుపోతే పిల్లలంతా చుట్టూ మూగారు. అరుణాదేవి మేడమ్ దాన్ని బల్ల మధ్యలో పెట్టించారు. నిఖిలేష్ తన రైలును ఒకసారి, నెమలిని ఒకసారి చూసుకున్నాడు. ఇంకేమీ అనలేదు.

ఆ మౌనం మహితకు బహుమతి కంటే తియ్యగా అనిపించింది.

* * *

గురువారం సాయంత్రం నాయినమ్మకు సదాశివపేట నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఆమె చెల్లెలు కొత్త ఇల్లు కట్టుకుంది. ఆదివారం గృహప్రవేశం. చెల్లెలి కొడుకు అనిల్ శుక్రవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు కారు తీసుకొస్తానన్నాడు.

నాయినమ్మ ముఖం వెలిగిపోయింది. అక్కాచెల్లెళ్లు ఒకచోట పడుకుని ముచ్చట్లు పెట్టుకుని మూడేళ్లయింది. సందూకు తెరిచి అంచు చీర తీసింది. మడత విప్పి, భుజం మీద వేసుకుని చూసుకుంది.

"ఆగు, ఒక్కసారి సింగారి సంగతి చూసి ఒప్పుకుంట," అని క్యాలెండర్ దగ్గరికి వెళ్లింది. సింగారి వాళ్ల బర్రె. కడుపుతో ఉంది.

నవంబర్, డిసెంబర్ కాగితాలను ఎత్తింది. వాటి వెనక గోడ కనిపించింది.

"ఓ పిల్లా," అని కోడలిని పిలిచింది. "నెలలేడ పోయినయి?"

"ఏం నెలలత్తా?"

"గోడ మీది నెలలు. పది నెలలు కనవడ్తలేవు."

"నేనెందుకు తీస్త?"

"మొన్న బూజు దులిపినవు కదా."

"బూజు దులిపితే బూజు పోతది గానీ నెలలు పోతయా?"

"నువ్వు దులిపినంక ఏం మిగుల్తది? కిందటేడు నేను చుట్టి పెట్టిన మందుచీటీ గూడ గిట్లనే పోయింది."

అమ్మ చేతిలో ఉన్న గిన్నెను తోమిందే తోముతూ కూర్చుంది. ఆమె పొద్దంతా కాలేజీ హాస్టల్లో వంట చేసి, అప్పుడే వచ్చింది.

నాన్న చెప్పులేసుకుని గబగబా వెళ్లి పావుగంటలో తిరిగొచ్చాడు. చేతిలో కొత్త క్యాలెండర్.

"సేటు దగ్గర ఒకటి మిగిలిందట. అచ్చం మనదే. తీసుకో."

నాయినమ్మ ఒక్కో కాగితం తిప్పి చూసి, తిరిగి నాన్న చేతిలోనే పెట్టింది.

"ఇది మూగది రా. నాతోని ఒక్క మాట మాట్లాడ్తలేదు."

నాన్నకు అర్థం కాలేదు. నాయినమ్మ మంచం అంచున కూర్చుంది.

"సింగారి చూలు కట్టిన దినం దాంట్ల గీసిన. పది నెలల పది దినాలకు ఈనుతది. జనవరి మొదట్లనా, ఆఖర్లనా, నాకు యాదికి లేదు. మొదట్లనైతే ఇయ్యాల్నో రేపో ఈనాలె. ఆఖర్లనైతే ఇంకా నెల దాక టైమున్నది."

"పొదుగు చూస్తే తెలుస్తది కదనే?"

"తొలిచూలు బర్రె నెల ముందు నుంచే పొదుగు దింపుతది. దాన్ని నమ్మరాదు."

"సరే తీ, నువ్వు పోయిరా. మేం చూసుకుంటం."

"ఎట్ల చూస్తవ్? నీకు డ్యూటీ, ఆమెకు డ్యూటీ. ఇంట్ల ఎవరు లేనప్పుడు నొప్పులొస్తే? అసలే మొదటిసారి, బెదిరిపోతది." నాయినమ్మ చీరను మడిచి సందూకులో పెట్టేసింది. "అనిల్‌కు ఫోన్ కొట్టి చెప్పు, రానని. ఇల్లు ఏడికి పోతది? తర్వాత చూస్త."

మహిత ముందు కంచం ఉంది. దాన్ని పక్కకు జరిపింది.

సందూకు మూత చప్పుడైంది. అమ్మ ఇంకా ఆ గిన్నెనే తోముతోంది.

"అమ్మ తియ్యలేదు," అంది మహిత. "నేను కోసిన."

అందరూ ఆమె వైపు తిరిగారు.

"అన్నీనా?" అంది నాయినమ్మ.

"అన్నీ. నెమలికి తోక చేసిన."

"గీతలు కనవడలేదా?"

"కనవడ్డయి. పోయిన నెలలు కదా, ఇంకేం పని అనుకున్న."

నాయినమ్మ కోడలి వైపు తిరిగింది. "ఏమనుకోకు పిల్లా. నోరు జారిన."

"నాకలవాటే లే అత్తా," అంది అమ్మ. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గిన్నె తోమడం అయిపోయింది.

"ఆ నెమలి ఏడున్నది?" నాన్న అడిగాడు.

"బడిల. రేపు మూడు గంటలకు పోటీ."

"పోనీలే, పోటీ కానియ్యి," అంది నాయినమ్మ. "పిల్ల కష్టపడి చేసింది. దాన్ని ఇప్పుడు విప్పుమంటమా?"

ఆమె తిట్టి ఉంటే బాగుండు అనిపించింది మహితకు.

కొంచెం సేపయ్యాక వెళ్లి నాయినమ్మ పక్కన కూర్చుంది. "సింగారి గీత ఎట్లుంటది?"

నాయినమ్మ చెంబులో వేలు ముంచి బండ మీద గీసింది. రెండు కొమ్ములు, వాటి నడుమ ఒక చుక్క. "కొమ్ములు శానా దిక్కుల ఉంటయి. డాక్టరు వచ్చి సూదేసిన నాడు గీసిన, కాలు గుంజిన నాడు గీసిన. నడుమ చుక్క మాత్రం ఒక్క దిక్కే."

బండ మీది నీటి కొమ్ములు ఆరిపోయేదాకా మహిత చూస్తూనే ఉంది.

* * *

శుక్రవారం బడి గంట కొట్టకముందే మహిత తరగతి గదిలో ఉంది. చేతిలో తడిపిన చేతిరుమాలు.

నెమలి బల్ల మధ్యలో, తోక విప్పుకుని నిలబడి ఉంది. కిటికీలోంచి పడిన ఎండకు నలభై ఈకలూ మెరుస్తున్నాయి. ఇంత బాగా తాను ఇంకేదీ చేయలేదు.

మొదటి ఈక మొదట్లో తడిగుడ్డ అద్దింది. మైదా మెత్తబడింది. ఈక ఊడి వచ్చింది.

"ఏయ్, ఏం చేస్తున్నవ్?" వెనక నుంచి నిఖిలేష్. రైలుకు చివరి చక్రం అంటించడానికి వచ్చాడు. "నా రైలుకు భయపడి నీ నెమలికి నువ్వే ఈకలు పీక్కుంటున్నవా?"

"దీంట్ల మా సింగారి ఉన్నది."

"సింగారెవరు?"

"మా బర్రె."

నిఖిలేష్ నెమలి లోపలికి వంగి చూశాడు. మహితకు నవ్వొచ్చింది. నవ్వుతూనే సంగతంతా చెప్పింది.

"నిన్న మా నాన్న ఇంకొకటిచ్చిండు కదా?"

"అది మూగది," అంది మహిత, విప్పిన ఈకను అతనికి చూపిస్తూ. "ఇది చూడు."

నిఖిలేష్ ఆ గీతలకేసి కాసేపు చూశాడు. తర్వాత చక్రం పక్కన పెట్టి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. "కొమ్ములు, నడుమ చుక్క. అంతే కదా? నేను ఇటు దిక్కు నుంచి పీకుతా."

ఏ ఈక ఏ నెలదో తెలియదు. నెల పేర్లున్న పైముక్కలను ఆ రోజే కత్తిరించి పారేసింది. అన్ని నెలల్లోనూ అవే ఒకట్లు, అవే పద్నాలుగులు. ఒక్కో మడతా విప్పుతుంటే ఒక్కో బొమ్మ బయటికొచ్చింది. ఒక గుండ్రటి సున్నా.

"కోడిని పొదగేసిన దినం," అంది మహిత. ఇది ఆమెకు తెలుసు. అక్కడి నుంచి ఇరవై ఒకటో గడిలో, ఏదో ఇంకో ముక్క మీద, చిన్న ముక్కు ఉంటుంది.

ఇంకో దాంట్లో గొడుగు. మొదటి వాన కావచ్చు. ఇంకో దాంట్లో బుడ్డి గ్యాస్ సిలిండర్, చెంబులా ఉంది.

"ఇదెవరు?" నిఖిలేష్ ఒక ఈక చాపాడు. "రెండు జడలు. ఇగో, రోజూ అదే."

మహిత తీసుకుని చూసింది. చిన్న తల, రెండు జడలు, నోటి దగ్గర కిందికి వంగిన గీత. వరసగా ఆరు గళ్లు. పక్క ముక్క వెతికి దీని పక్కన పెట్టింది. ఇంకో మూడు గళ్లు. మొత్తం తొమ్మిది. పదో గడిలో జడలకు పువ్వు ఉంది, నోటి గీత పైకి వంగి ఉంది. ఆ రోజు చుట్టూ నాయినమ్మ పెన్సిల్‌ను గట్టిగా రెండుసార్లు తిప్పింది.

ఆగస్టులో మహితకు తొమ్మిది రోజులు జ్వరం వచ్చింది.

"ఎవరో చెప్పవా?" అన్నాడు నిఖిలేష్.

"తర్వాత చెప్త. ముందు కొమ్ములు వెతుకు." మహిత ఆ రెండు ముక్కలనూ మడవకుండా నోట్‌బుక్‌లో పెట్టుకుంది.

గంట కొట్టేసరికి బల్లంతా ఈకలే. ముప్పై మూడో ఈక విప్పాక నిఖిలేష్ కదలకుండా నిలబడ్డాడు.

"మహితా. చుక్క."

రెండు కొమ్ములు, నడుమ చుక్క. ఇరవై ఎనిమిదో గడి. దానికి రెండు గళ్ల పైన ఎర్ర అక్షరాల్లో గణతంత్ర దినోత్సవం అని ఉంది.

"జనవరి ఇరవై ఎనిమిది," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

"ఏంటిది?" గుమ్మంలో అరుణాదేవి మేడమ్. మోడు నెమలిని చూసి ఆవిడ చేతిలోని రిజిస్టర్ కిందికి జారింది. "మహితా, ఎవరు చేశారిలా?"

"నేనే మేడమ్," అని మహిత అంతా చెప్పింది.

"పోటీ అయ్యేదాకా ఆగాల్సింది కదమ్మా."

"ఒకటిన్నరకే కారు వస్తది మేడమ్. నాయినమ్మ రానంటే కారు రాదు."

మేడమ్ ఈకను తీసుకుని ఆ చుక్కను చూశారు. వాచీ చూసుకున్నారు. బ్యాగులోంచి ఫోన్ తీశారు. "మీ నాన్న నంబర్ చెప్పు. కారు రమ్మని ముందు చెప్పేయమందాం. భోజనం గంటలో నువ్వెళ్లి ఈక చూపించి రా. గేటు దగ్గర నేను చెప్తాను."

భోజనం గంట కొట్టగానే మహిత పరుగు తీసింది. రోడ్డు మీద కాలేజీ బస్సులు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. ఆగి, చూసుకుని, దాటి, మళ్లీ పరుగు.

నాయినమ్మ సింగారికి గడ్డి వేస్తోంది. ఈకను చేతిలోకి తీసుకుని దూరంగా పట్టుకుని చూసింది.

"ఇగో, నా చుక్క," అంది, తప్పిపోయిన కోడిపిల్ల దొరికినట్టు. "ఎంతది ఇది?"

"ఇరవై ఎనిమిది. జనవరి ఆఖరు."

నాయినమ్మ వేళ్ల కణుపుల మీద లెక్కపెట్టింది. ఒకసారి కాదు, రెండుసార్లు. "నవంబర్ ఇరవై ఎనిమిదికి పది నెలలు. ఆ మీద పది దినాలు. అంటే ఇంకా మూడు వారాల పైననే ఉన్నది." సింగారి వీపు తట్టింది. "ఇన్నవా? నేనొచ్చేదాక గమ్మునుండాలె."

సింగారి గడ్డి నములుతూ ఉంది. దానికేమీ తొందర ఉన్నట్టు కనిపించలేదు.

అంచు చీర మళ్లీ సందూకులోంచి బయటికొచ్చింది. అనిల్ కాక కారు వచ్చేసరికి నాయినమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. కారెక్కి, అద్దంలోంచి తల బయటపెట్టింది.

"నీ నెమలి ఏమయింది మరి?"

"ఉన్నది," అంది మహిత. "ఏడు ఈకలున్నయి."

* * *

మూడు గంటలకు న్యాయనిర్ణేతలు వచ్చారు. పక్క ఊరి బడి హెడ్మాస్టరు నెమలి దగ్గర ఆగి కళ్లజోడు సవరించుకున్నారు.

"కిరీటం బాగుంది. తోక ఏదమ్మా?"

మహిత నోరు తెరిచేలోపే నిఖిలేష్ అందుకున్నాడు. "ఆడ నెమలి సార్. ఆడ నెమలికి పొడుగు తోకుండదు."

గదంతా నవ్వింది. హెడ్మాస్టరు కూడా నవ్వారు. కానీ మార్కులేమీ వేయలేదు. మొదటి బహుమతి ఎనిమిదో తరగతి అంకిత చేసిన పూలబుట్టకు వచ్చింది. నిఖిలేష్ రైలుకు రెండోది. మహిత సంచీ నిండా నలిగిన ఈకలతో ఇంటికి వచ్చింది.

శని, ఆదివారాలు అమ్మా కూతురూ చాప మీదే కూర్చున్నారు. మిగిలిన ఏడు ఈకలూ విప్పారు. మైదా మళ్లీ ఉడికింది. వారాల పేర్లూ, పండుగలూ చూసుకుంటూ ముక్కకు ముక్క కలిపి అట్టల మీద అంటించారు. నాన్న మూగ క్యాలెండర్‌ను పక్కన పెట్టుకుని, ఏ ముక్క ఏ నెలదో వెతికిపెట్టాడు.

మంగళవారం నాయినమ్మ డబ్బా నిండా తీపి గరిజెలతో దిగింది. గోడ మీద పది నెలలూ మళ్లీ వేలాడుతున్నాయి.

"అప్పడాల లెక్క ఉన్నయి," అంది. వేలితో తడుముతూ ఒక్కోటీ చూసింది. "ఇదేంది, మే నెల ముక్క జులైల ఉన్నది?"

"ఒకటి తప్పువోయినట్టుంది," అన్నాడు నాన్న.

"అందుకేనా ఈ ఏడు ఎండలు తగ్గకపాయె," అంది నాయినమ్మ. గరిజెల డబ్బా మూత మహిత చేతే తీయించింది.

డిసెంబర్ తొమ్మిదిన సింగారి ఈనింది. ఆడదూడ. నాయినమ్మ పక్కనే ఉంది. మూడో రోజు జున్ను గిన్నెతో మహిత దుకాణానికి వెళ్లింది. నిఖిలేష్ అక్కడే నిలబడి సగం తినేశాడు.

ఆ సాయంత్రం నాయినమ్మ దారానికి కట్టిన ముక్క పెన్సిల్‌ను మహిత చేతిలో పెట్టింది. మహిత తొమ్మిదో గడిలో రెండు పెద్ద కొమ్ములు గీసింది. పక్కనే, ఇంకా మొలవని రెండు బుల్లి కొమ్ములు.

జనవరి వచ్చింది. సేటు కొత్త క్యాలెండర్ ఇచ్చాడు. ఈసారి వెనకవైపు నారింజ రంగు.

బడిలో జెండా పండుగకు తోరణాలు చేయాలి. మహిత పాత క్యాలెండర్‌ను మేకు నుంచి దింపింది. కత్తెర తీసుకుంది. కాగితం అంచు మీద పెట్టి, ఆగింది.

పెరట్లోకి వెళ్లింది.

"నాయినమ్మా, ఇయ్యి ఇగ కొయ్యొచ్చా?"

నాయినమ్మ చేతులు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చుంది. "తే, చూస్తం. ఏది ఉండాల్నో, ఏది పోవాల్నో."

మహిత పక్కన చేరింది. "ఇదేంది, గాడిదా?"

"గాడిదేంది? మీ నాయిన కొత్త బండి కొన్నడు కదా. ఇగో చక్రాలు."

"ఇది బండా?" మహిత పొట్ట పట్టుకుని నవ్వింది. "మరి ఇదేంది?"

"అది చెప్పాల్నంటే పెద్ద కథ."

వంటింట్లోంచి అమ్మ టీ గ్లాసుతో వచ్చి తానూ కూర్చుంది. పొద్దు గూట్లో పడింది. కత్తెర చాప మీద అలాగే ఉంది. వాళ్లింకా మార్చి నెలలోనే ఉన్నారు.